ఆకుపచ్చ మెరుగు

నయేలి రక్తం సంగతి మాకు తెలిసింది తొలివానలు పడ్డ వారంలో. పట్నం నుంచి డాక్టర్ ఇర్మా మా బడికి వచ్చి పిల్లలందరి వేళ్ళకీ సూది పొడిచి, బొట్టు బొట్టు రక్తం తీసుకుపోయింది. బడిలో టీచర్ని నేనే కాబట్టి ఏడ్చేవాళ్ళను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నదీ, గోడ దూకబోయినవాళ్ళ చొక్కాలు పట్టుకున్నదీ నేనే. నా కూతురు ఏడవలేదు, దూకలేదు. వేలి చివర ఉబ్బిన బొట్టును తిప్పి తిప్పి చూసుకుని, "అమ్మమ్మ దీన్ని కుండకి పూస్తే ఏ రంగు వస్తది?" అని డాక్టరమ్మనే అడిగింది.

మళ్ళీ వచ్చినప్పుడు డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే మామిడిచెట్టు కిందికి పిలిచింది.

"కుండలకి మెరుగు పూసే ఇళ్ళ పిల్లలందరిలోనూ సీసం ఉంది టీచర్‌గారూ. మీ అమ్మాయిలో అందరికంటే ఎక్కువ ఉంది."

"ఎక్కువంటే?"

ఆవిడ అంకె చెప్పలేదు. "నేర్పిన అక్షరం సాయంత్రానికి మర్చిపోతోందా? కడుపు పట్టుకుని ముడుచుకుంటోందా?" అని అడిగింది.

రెండూ ఉన్నాయి. మొదటిదానికి బద్ధకం అనుకున్నాం. రెండోదానికి నులిపురుగులనుకుని చేదుమందు తాగించాం. ఆరేళ్ళ పిల్ల కడుపునొప్పికి ఇంట్లో మెరిసే కుండను అనుమానించడం మా ఊళ్ళో ఎవరికీ రాని ఆలోచన. అన్నం పెట్టేదాన్ని ఎవరు అనుమానిస్తారు?

మా అమ్మ పేరు ఫిదెన్సియా. వహాకా లోయలో ఆకుపచ్చ కుండ కావాలంటే మా ఊరికి వస్తారు. మా ఊరికి వచ్చినవాళ్ళు మా గుమ్మం ఎక్కుతారు. ఆ పచ్చదనం ఎలాంటిదో చెప్పడం కష్టం. వాన వెలిశాక నాగజెముడు లేతమట్ట మీద ఎండ పడితే ఒక్క క్షణం కనిపించి పోతుంది చూడండి, ఆ రంగు. మా అమ్మ కుండ మీద అది పోకుండా ఉండేది. పెళ్ళిళ్ళకి మోలె పులుసు వండే బానలు, చాక్లెట్ చిలికే చెంబులు, చిక్కుళ్ళు ఉడికే అటికలు, అన్నీ ఆ రంగే. దానికి వాడే పసుప్పచ్చటి పొడిని, రాగి రజనుతో కలిపి, పెరట్లో సన్నికల్లు మీద నీళ్ళు చిలకరించి నూరేది. నూరుతూ పాడేది. ఆ చేత్తోనే మధ్యలో లేచి నయేలి ముక్కు తుడిచేది.

ఆ రోజు కూడా నేను వెళ్ళేసరికి నూరుతూనే ఉంది.

"అమ్మా, ఆ పొడిలో సీసం ఉందంట."

"ఉందంటేంది, అదంతా సీసమే. నాకు చెప్పను వచ్చినావా? మూట మీద పుర్రె బొమ్మ గూడా ఉంటది."

"చూసి కూడా..."

"పుర్రెని చూసి భయపడే ఊరా ఇది? పెద్దల పండక్కి చక్కెర పుర్రె కొనిపెట్టమని నీ కూతురే నా ప్రాణం తీస్తది."

"నయేలి ఒంట్లో చేరిందంటమ్మా."

రాయి ఆగింది. తలెత్తలేదు. "నా ఒంట్లో లేదా? మా అమ్మ ఒంట్లో లేదా? మా అమ్మ నిక్షేపంగా బతికింది. ఆఖర్న పళ్ళు రాలి, చేతులు వణికి, ముసలిదయ్యి పోయింది."

"చేతులెందుకు వణికినయ్?"

"ముసలిదయింది గాబట్టి."

"నీకిప్పుడున్న వయసుకే గదా పోయింది."

మా అమ్మ నా వైపు చూసి, మళ్ళీ నూరడం మొదలుపెట్టింది. ఈసారి పాడలేదు.

నా మొగుడు అబుందియో ఇల్లరికం వచ్చిన మనిషి. ఊళ్ళో ఆటో నడుపుతాడు. అత్త మాటకు ఎదురు చెప్పడం నేను ఎప్పుడూ చూడలేదు. డాక్టరమ్మ ఇంటికి వచ్చిన రోజున మాత్రం పళ్ళెంలో రొట్టె తినకుండా వింటూ కూర్చున్నాడు. ఆవిడ పెరడు చూసింది. సన్నికల్లు చూసింది. ఆవం చూసింది. ఆరుబయట దండెం మీద ఎండుతున్న నయేలి లంగాను వేలితో తుడిచి, ఆ వేలును వెలుతురుకు పెట్టి చూసింది.

"దుమ్ములో ఉంది, వంటలో ఉంది. చిక్కుళ్ళలో నిమ్మకాయ పిండుతారు కదా, పులుపుకి మెరుగులోంచి సీసం దిగుతుంది. పాలు, గుడ్లు బాగా పెట్టండి. వానలు తగ్గాక వచ్చి మళ్ళీ రక్తం తీస్తాను. అప్పటికి తగ్గకపోతే పిల్ల ఈ ఇంట్లో ఉండకూడదు."

"యాడుండాలి?" అంది మా అమ్మ.

"ఈ పొడి లేని చోట."

"మా అమ్మ దగ్గరుంటది," అన్నాడు అబుందియో. వాళ్ళది సముద్రం ఒడ్డు. కొండలన్నీ దిగి రాత్రంతా బస్సులో పోవాలి. "చేపలు తింటది. ఇసకలో ఆడుకుంటది. ఆడ కుండలు చేసేవాళ్ళు లేరు."

మా అమ్మ అల్లుణ్ణి కొత్తగా చూసినట్టు చూసింది. "ఇన్నేళ్ళూ నోట్లో నాలుక లేదనుకున్నా నాయనా. దాచి పెట్టుకున్నావా?"

"పిల్ల కోసం అత్తా."

"నేను చేసేది మాత్రం ఎవరి కోసం?" అని లోపలికి పోయింది.

పిల్ల పోతే ఇంట్లో ఏం పోతుందో మా ముగ్గురికీ తెలుసు. నయేలి పుట్టినప్పటి నుంచీ మా అమ్మ దగ్గరే పడుకునేది. ఆవిడ పక్కన కూర్చుని మట్టితో గాడిదల్ని చేసేది. ఆ గాడిదలకి ఒక్కోసారి ఐదు కాళ్ళుండేవి. "ఐదోది ఎందుకే?" అంటే "అలిసిపోయినప్పుడు వాడుకుంటది" అనేది. నాకు మట్టి అబ్బలేదు. చదువుకుని టీచర్నయ్యాను. మా అమ్మ చేతులు నన్ను దాటి నా కూతురికి వచ్చాయని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. మా అమ్మ ఆ మాట అనలేదుగానీ ఎవరైనా అంటే కాదనేది కాదు.

మూడోనాడు ఆవిడే దారికి వచ్చింది. "సీసం లేని మెరుగు ఉందంట గదా, పట్టుకు రమ్మను ఆ డాక్టరమ్మని," అంది.

కొత్త పొడి తెల్లగా, జొన్నపిండిలా ఉంది. దానికి సెగ ఎక్కువ కావాలన్నారు. పెరడంతా కడిగాం. పాత కుండల్ని వంటింట్లోంచి తీసేసి సత్తుగిన్నెలు కొన్నాం. మొదటి ఆవం దించిన రోజున వాన ఆగి ఎండ కాసింది. మా అమ్మ చుట్టూ కప్పిన పెంకులు తీసి, ఒక కుండ పట్టుకుని బయటకు వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. నేల మీద పెట్టింది. పచ్చగానే ఉంది. మెరుగు మాత్రం లేదు. జ్వరం వచ్చి తగ్గిన మనిషి ముఖంలా ఉంది.

బడి ముందు కుడుములమ్మే తొమాసా అప్పుడే వచ్చింది. నయేలికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఎత్తుకున్న జ్ఞానతల్లి. కుడుములు ఉడికించే బానలు, మోలె పులుసు కుండలు అన్నీ మా ఇంట్లోనే కొనేది. మా అమ్మని నవ్వించగలిగేదీ, ఏడిపించగలిగేదీ ఆవిడొక్కతే.

"ఏంది వదినా, కుండలకి కామెర్లా?"

"నీ కళ్ళకి."

"ఇట్టాంటి దాంట్లో పులుసు పోస్తే పులుసు సిగ్గుపడతదే. నేను పొయ్యను, నీ మనవరాలి మీద ఒట్టు."

"పొయ్యొద్దు. ప్లాస్టిక్ బకెట్లో వండుకో."

తొమాసా నవ్వుకుంటూ పోయింది. మా అమ్మ నవ్వలేదు. ఆ కుండ పక్కనే పొద్దుగుంకేదాకా కూర్చుంది. మనుషులు చచ్చిపోతే కూర్చుంటాం చూడండి, అలా.

రెండో ఆవం దించినప్పుడు మెరుగు వచ్చింది. పాతదంత కాదు, దాని చెల్లెలిలా ఉంది. మూడో ఆవానికి అక్కే వచ్చేసింది. అంతా సంబరపడ్డాం. డాక్టరమ్మ ఫోన్లోనే, "నాకు తెలుసు, సెగ కుదిరి ఉంటుంది" అంది. మా అమ్మని అడిగితే, "చెయ్యి కుదిరింది" అంది. ఆవిడ మొహంలో దొంగతనం ఏమీ లేదు. ఈ మాట ఇప్పుడు కూడా ఒట్టేసి చెప్పగలను.

ఆ తర్వాత టీవీవాళ్ళు వచ్చారు. మా ఊరి బురదలో తెల్లబూట్లు వేసుకుని ఒక పిల్ల, కెమెరా భుజాన పెట్టుకుని ఒక గడ్డపాయన. ముందు మా అమ్మని కొత్త జాకెట్టు వేసుకోమన్నారు. వేసుకున్నాక, "కాదు, పాతదే బావుంది, సహజంగా ఉంటుంది" అన్నారు. 

"ఏదో ఒకటి తేల్చుకోండి, నేనేమీ పెళ్ళికూతుర్ని గాదు," అంది మా అమ్మ.

"కుండ చేస్తున్నప్పుడు మీ మనసులో ఏముంటుందమ్మా?" అని ఆ పిల్ల అడిగింది.

"ఏముంటది? పొయ్యి మీద చిక్కుళ్ళు మాడతయ్యేమో అని ఉంటది."

"అదికాదు, సృష్టించేటప్పుడు..."

మా అమ్మ ఆలోచించింది. చేతిలో మట్టిముద్ద తిరుగుతూనే ఉంది. "మట్టి లోపల ఒక కడుపు ఉంటదమ్మా. నేను వేళ్ళు పెట్టి అది యాడుందో వెతుకుతా. దొరికిందంటే ఇంక నా పనేం లేదు. మెరుగు మాత్రం నాది. దాన్ని ఎవురూ ఇయ్యరు, మనమే తేవాల."

అది టీవీలో వచ్చింది. 'సీసం లేని తొలి ఆవం' అని కింద రాశారు. వారం తిరక్కుండా మా గుమ్మం ముందు కార్లు ఆగాయి. తొమాసా కూడా పాత కుండలన్నీ పక్కన పెట్టి కొత్తవి కొనుక్కుపోయింది. కుడుములబండి మీద అట్టముక్క కట్టి, 'మంచి కుండల్లో వండినవి' అని నా చేతే పెద్దక్షరాలతో రాయించుకుంది.

వానలు తగ్గాయి. పెద్దల పండక్కి బంతిపూల చేలు పచ్చగా లేచాయి. డాక్టరమ్మ మాట ప్రకారం వచ్చి నయేలి వేలు పొడిచింది. ఈసారి చిన్న మరపెట్టె వెంట తెచ్చుకుంది. మా వంటింటి బల్ల మీదే అది లెక్క చెప్పింది. ఆవిడ దాన్ని రెండోసారి నొక్కింది. తర్వాత, ఎవరినీ చూడకుండా, "పెరిగింది" అంది.

అబుందియో లేచి నిలబడ్డాడు.

డాక్టరమ్మ సంచిలోంచి, సీసం తగిలితే రంగు మారే దూదిపుల్ల తీసింది. గట్టు మీద పెట్టిన కొత్త కుండ లోపల దాంతో రుద్దింది. దూది గులాబీరంగుకి తిరిగింది. ఇంకో కుండ. మళ్ళీ గులాబీరంగే. పోయిన వారం చేసినదీ, మొన్న చేసినదీ.

"కొత్త పొడిలోనే తేడా ఉందేమో," అన్నాను.

"లేదు. దాన్ని నేనే పరీక్ష చేయించి తెచ్చాను." ఆవిడ మా అమ్మ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఇందులో ఏమైనా కలిపారా అమ్మా?"

"కలపలా," అంది మా అమ్మ. "తోడేశా."

"అంటే?"

"పాతది ఒక గుప్పెడు. రెండో ఆవం నించి, ప్రతి ఆవానికీ." మా అమ్మకి డాక్టరమ్మ ఎందుకు అలా చూస్తోందో అర్థం కాలేదు. నాకు చెప్పమన్నట్టు నా వైపు తిరిగింది. "కొత్త మట్టి తొక్కేటప్పుడు పాత మట్టిముద్ద వెయ్యమా? రొట్టెలోళ్ళు నిన్నటి పిండి ముద్ద కొత్త పిండిలో వెయ్యరా? తోడు లేకుండా ఏదైనా పేరుకుంటదా? ఆ తెల్లపొడికి మెరవడం ఎట్టాగో తెలవదు. పాతది నేర్పిస్తదని వేశా. గుప్పెడేనమ్మా. చిన్న గుప్పెడే."

నయేలి వేలికి చుట్టిన దూదిని విప్పి చూసుకుంటోంది.

"పిల్ల పక్కన కూర్చుని నూరారా?" అంది డాక్టరమ్మ.

"నా పక్కన గాక ఇంకెవురి పక్కన కూచుంటది?"

"తాతల నాటి అలవాటు అమ్మా, మిమ్మల్ని అనడానికి లేదు. కానీ టీవీ చూసి కొన్నవాళ్ళంతా ఈపాటికి వీటిలో వండుకుని తింటుంటారు."

మా అమ్మ మొహం మారింది అప్పుడే. అంతవరకూ ఆవిడకి ఆ సంగతి మా ఇంటి సంగతిగానే ఉంది.

మర్నాడు తొమాసా వచ్చింది. బండి లేదు, నవ్వు లేదు. రెండు చేతులా కుండ పట్టుకొచ్చి గుమ్మంలో పెట్టింది.

"వదినా, నిజమేనా?"

"నిజమే."

"నేను బోర్డు కట్టుకుని అమ్మినా. బడిపిల్లకాయలకి. నా మనవరాళ్ళకి." కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వు పాత కుండ ఇచ్చుంటే పాత కుండే గదా అనుకునేదాన్ని. మంచిదని ఇచ్చినావే."

"మంచిదనే అనుకున్నా తొమాసా."

"అనుకున్నావులే," అంది ఆవిడ. తిట్టి ఉంటే బాగుండేది. కుండను అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అబుందియో నయేలి బట్టలు సంచిలో సర్దాడు. నేను ఆపలేదు, సాయం చెయ్యలేదు. నయేలి తన గాడిదల్ని కూడా సంచిలో పెట్టబోతే, వాటికీ ఆ దుమ్ము అంటి ఉంటుందని ఎలా చెప్పాలో తెలియక ఆయన సంచి పట్టుకుని నిలబడిపోయాడు. మా అమ్మ గుమ్మంలోంచి చూసింది.

"సంచి విప్పు," అంది.

"వద్దత్తా. ఇంక నా మాట..."

"విప్పు నాయనా. పిల్ల యాడికీ పోదు. నేను పోతా. పొద్దున ఆటో తీసుకురా, సామాను ఉంది."

మట్టి తవ్వే కొండ పక్కన మా అమ్మ మేనమామ వదిలేసిన గుడిసె ఉంది. పక్కన పాత ఆవం ఉంది. మర్నాడు ఆటో ఎన్ని తడవలు తిరిగిందో లెక్కపెట్టలేదు. సన్నికల్లు, కుండ తిప్పే పళ్ళెం, మెరుగుమూట, పక్కబట్టలు అన్నీ పోయాయి. మా అమ్మ ఆఖరి తడవలో ఎక్కింది. నయేలి దగ్గరకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "రావద్దు. నా బట్టల్లో ఉంది," అంది. పిల్ల అక్కడే ఆగింది. ఆటో మలుపు తిరిగేదాకా ఎవరూ ఏడవలేదు.

ఆవిడ వెళ్ళాక అబుందియో ఇంటి ఆవాన్ని గడ్డపారతో పడగొట్టాడు. లోపలి గోడలు అరచేతి మందాన పచ్చగా మెరుస్తూ ఉన్నాయి. పెరట్లో మట్టి జానెడు లోతు తీసి, సున్నం చల్లి, కొత్త మన్ను పోశాం. ఇల్లంతా కొత్త ఇల్లులా, ఎవరిదో ఇల్లులా ఉంది. రోజూ బడి అయ్యాక నేను కొండెక్కి బండ మీద అన్నం మూట పెట్టేదాన్ని. డాక్టరమ్మ అప్పటికే చెప్పింది: ఎముకల్లోకి దిగినది తొందరగా రాదు, ఏళ్ళు పడుతుంది, మొత్తం వస్తుందని కూడా మాటివ్వలేను, అని.

రెండు వారాల తర్వాత ఒకరోజు వెళ్ళినప్పుడు మా అమ్మ కుండ చేస్తోంది. పెద్ద బాన. అంత మంచి బాన ఆవిడ చెయ్యడం నేను చూడలేదు. మెడ దగ్గర నునుపు చేసి, మొక్కజొన్న బెండుతో చివరిసారి తుడిచి, వెనక్కి జరిగి చూసుకుంది. తర్వాత దాన్ని వంచి, పచ్చి అడుగులోంచి బొటనవేలు పొడిచి, వేలిని గుండ్రంగా తిప్పింది.

"ఏందమ్మా అది?"

"చిల్లు."

గుడిసె పక్కన కాల్చిన కుండలు వరసగా ఉన్నాయి. పాత పచ్చదనం, మా అమ్మ పచ్చదనం, ఎండలో చూపు నిలవకుండా ఉంది. అన్నిటికీ అడుగున చిల్లే.

"వీటిల్లో ఎవురూ వండుకోలేరు," అంది. "పూలమొక్కలు పెట్టుకోవాల, చూసుకోవాల. అంతే."

"ఆ పొడి మానెయ్యగూడదా?"

చేతులు నా ముందు పెట్టింది. కొద్దిగా వణుకుతున్నాయి. "మానితే వీటికి ఏం చెప్పాలి?" అంది. అన్నం మూట అక్కడ పెట్టి దిగి వచ్చేశాను.

పండక్కి ముందు శనివారం పట్నం సంత. బడికి సెలవు కాబట్టి నేనూ బస్సెక్కాను. సంతంతా బంతిపూలు, కోడిజుట్టు పూలు, ధూపం, చక్కెర పుర్రెలు. మా అమ్మ గడ్డి పరిచి కుండలు పెట్టింది. టీవీలో చూసిన మొహం కాబట్టి జనం ఆగేవాళ్ళు. కుండ ఎత్తేవాళ్ళు, మురిసిపోయేవాళ్ళు, అడుగు చూసేవాళ్ళు, దించేవాళ్ళు.

"ఎందరికి సరిపోతుందమ్మా ఈ బాన?" అని ఒకావిడ అడిగితే, మా అమ్మ చిల్లులోంచి వేలు దూర్చి ఆడించి, "ఇంతమందికి," అంది. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది. పొద్దెక్కింది. ఒకళ్ళిద్దరు చిన్నవి కొన్నారు, మొక్కలకే.

మధ్యాహ్నం దాటాక పెద్ద టోపీ ఆయన ఒకడు వచ్చాడు. కూతురి పెళ్ళట. మోలె పులుసుకి బాన కావాలట. ఆ పెద్దబాన దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆవుదూడను నిమిరినట్టు నిమిరాడు.

"నా చిన్నప్పుడు మా అమ్మ దగ్గర ఇట్టాంటిదే ఉండేది పెద్దమ్మా. ఇప్పుడు యాడా దొరకడంలా."

"చిల్లుంది నాయనా."

"చూశా. దానికేముంది? సిమెంటు పెట్టి పూడ్చుకుంటా."

"పూడ్చగూడదు. దాంట్లో వండగూడదు. సీసం ఉంది."

"మా అమ్మ వండలా? మేం బతకలా?"

"అదే మాట నేనూ అన్నా," అంది మా అమ్మ నెమ్మదిగా.

"మరింకేం. నేను కొన్నాక నా ఇష్టం గదా. చుట్టి ఇయ్యండి."

మా అమ్మ లేచింది. కాగితం కోసం అనుకున్నాను. బానను ఆయన చేతుల్లోంచి తీసుకుంది. పొట్టకు ఆనించి పట్టుకుని, ఒకసారి వెలుతురు వైపు తిప్పింది. వదిలేసింది.

రాళ్ళ మీద పడ్డ చప్పుడుకి పూలమ్మే వాళ్ళంతా ఇటు తిరిగారు.

"చెయ్యి జారింది నాయనా," అంది.

"అయ్యో, దెబ్బ తగల్లేదు గదా," అన్నాడు పాపం ఆయన. పెంకుల వైపు చూసి పెదవి చప్పరించి, వెనక ఉన్న ఇంకో బాన చూపించాడు. "అది కొంచెం చిన్నది. పోనీ, అదే ఇయ్యండి."

మా అమ్మ దాన్ని కూడా ఎత్తింది. ఈసారి వెలుతురుకి తిప్పలేదు. 

"ఇదీ జారింది."

ఆయన టోపీ తీసి మా అమ్మ మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, రెండడుగులు వెనక్కి వేసి, జనంలో కలిసిపోయాడు. ఇక అడిగేవాళ్ళు లేకపోయినా మా అమ్మ ఆగలేదు. గడ్డి మీద మిగిలినవి ఒక్కొక్కటే తీసుకుంది. కోపం లేదు, తొందర లేదు. గుడ్లు తీసి బుట్టలో పెట్టే మనిషిలా వంగుతూ, లేస్తూ ఉంది. నేను పట్టుకోబోయి ఆగిపోయాను. పక్కన పూలమ్మే ఆవిడ మాత్రం, "ఏమ్మా, మీ అమ్మకి ఒంట్లో బాగుందా?" అని అడిగింది. బాగుందో లేదో నాకు తెలియదు. పెంకులు ఏరి గోనెసంచిలో వేశాను. వేళ్ళు తెగాయి.

తిరుగు బస్సులో మా అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కొండకి పోయే మలుపు దగ్గర ఆపమని డ్రైవర్‌కి చెప్పబోయాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. బస్సు మలుపు దాటిపోయింది.

ఇంటి దగ్గర మా అమ్మ లోపలికి రాలేదు. గడప ఇవతల, వీధిలోనే నిలబడి, శాలువా తీసి దూరంగా పడేసింది. "నీళ్ళు పంపించు," అంది.

నయేలి చెంబుతో వచ్చింది. గడప దాటకుండా, అమ్మమ్మ చెప్పిన చోటే నిలబడింది. మా అమ్మ వీధిలో మోకాళ్ళ మీద కూర్చుని మోచేతుల దాకా రెండు చేతులూ చాపింది. నయేలి సన్నగా పోసింది. నీళ్ళు బూడిదరంగులో దిగి, వీధి కాలువ వైపు పోయాయి.

"పోయిందా?" అంది మా అమ్మ.

నయేలి వంగి చూసింది. బడిలో నేను పిల్లల చేతులు చూసినట్టు, ఒక్కో వేలూ చూసింది.

"గోళ్ళలో ఉంది అమ్మమ్మా."

"అయితే ఇంకా పొయ్యవే."